ఒకే సూది, ఒకే పళ్లెం

జూన్ 18

తెల్లవారుజామున వాన పడి ఆగింది. ఉక్కపోత. ట్యాంకు కడిగి, బ్లీచింగ్ కలిపి, వాల్వు తిప్పాను. పై వీధికి ముందు, కింది వీధికి తర్వాత. చివరి ఇంటి కుళాయి దాకా నడిచి చూసి వచ్చాను. ధార బాగానే ఉంది.

ఈ రోజు నుంచి గోళీ. రోజూ ఒకటి, ఒకే వేళకు, పన్నెండు వారాలు. వేసుకున్నాను. వికారం లేదు.

ఎండాకాలంలో కొత్తగూడెం క్యాంపులో రక్తం ఇవ్వకపోతే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు. నా రక్తం ఎవరికీ ఎక్కించడానికి పనికి రాదని ఫోన్ చేసి, ఖమ్మం దవాఖానాకు వెళ్లమన్నారు. హెపటైటిస్ సి. ఎన్నో ఏళ్ల నుంచి ఉండి ఉంటుందన్నారు. కాస్త అలసటగా ఉండేది. వయసు అనుకున్నాను. లివర్ ఇంకా గట్టిపడలేదట. నా భార్య హేమ్లికి కూడా పరీక్ష చేశారు. ఆమెకు లేదు.

తినే కంచం వల్ల, తాగే గ్లాసు వల్ల ఇది అంటదని డాక్టరు చెప్పాడు. నేను మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాడు. నాకు అర్థమైంది. అయినా ఇంట్లో ఒక స్టీలు పళ్లెం నా కోసం వేరు చేసి, వెనక మేకుతో గీత గీశాను.

"డాక్టర్ చెప్పినయన్నీ నమ్ముతవ్. గీ ఒక్కటి నమ్మవ్," అంది హేమ్లి.

ఇది భయం కాదు. జాగ్రత్త.

తాండాలో ఎవరికీ చెప్పవద్దని ఆమెకు చెప్పాను. వాటర్‌మన్ ఒంట్లో రోగం ఉందంటే జనం ముందు నీళ్లను అనుమానిస్తారు.

జూన్ 19

మబ్బు. గోళీ వేసుకున్నాను. వాల్వు తిప్పాను.

జూన్ 27

గాలి. వాన లేదు. వాల్వు మెడలోని గ్లాండు దగ్గర కారుతుంటే దారం చుట్టి బిగించాను.

రూప్‌సింగ్ వచ్చాడు. మా తమ్ముడు గోడ అవతలి నుంచి కేకేసే మనిషి. గుమ్మంలోంచి వచ్చాడంటే పెద్ద సంగతే ఉండాలి. వాడి కూతురు శ్రావణికి సంబంధం కుదిరింది. ఇల్లెందు వైపు తాండా. పిల్లవాడు కరెంటు సబ్‌స్టేషన్‌లో పని చేస్తాడు. శ్రావణమాసంలో సగాయి అనే నిశ్చితార్థం, కార్తీకంలో పెళ్లి.

"భియా, పళ్లెంల తొలి ముద్ద నీదే. కొత్త చుట్టాల ముందల నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది," అన్నాడు.

బాపు పోయిన నాటి నుంచి శుభకార్యాల్లో మొదటి ముద్ద నేనే తీస్తున్నాను. అన్నదమ్ములమంతా ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుంటాం. పెద్దవాడి చెయ్యి పడేదాకా ఎవరి చెయ్యీ అన్నంలోకి రాదు.

సరే అన్నాను. శ్రావణమాసానికి ఇంకా చాలా టైముంది.

జూలై 16

ఖమ్మం వెళ్లి వచ్చాను. దారంతా వాన. ఉదయం వాల్వు తిప్పాకే బస్సెక్కాను.

రక్తంలో వైరస్ కనిపించడం లేదట. నెలకే! కాగితం నాకు ఇచ్చి చూసుకోమంది డాక్టర్ సాయిప్రియ. ఆమె సత్తుపల్లి వైపు అమ్మాయి, ఖమ్మం దవాఖానాలో పరిశోధన చేస్తోంది. వచ్చినప్పుడల్లా తన పరిశోధన కోసం అదనంగా కాస్త రక్తం తీసుకుంటానని మొదటి రోజే అడిగింది. ఒప్పుకున్నాను. మందు పని చేస్తుంటే నా రక్తంలో ఇంకా ఏం వెతుకుతున్నావమ్మా అని ఈ రోజు అడిగాను.

"మందు వైరస్‌ని పెరగనివ్వదండీ. దాని సంగతి అది చూసుకుంటుంది. నేను చూసేది మీ ఒంట్లో కాపలా కాసే కణాల్ని. ఇన్నేళ్లూ ఆ వైరస్‌తో కొట్లాడి కొట్లాడి సోలిపోయాయవి. చచ్చిపోలేదు, డ్యూటీలోనే ఉన్నాయి. కానీ చెయ్యెత్తవు."

"ఇప్పుడు లేస్తున్నయా అమ్మా?"

"కొన్ని. లోపల రాత్రీపగలూ ఒక ప్రమాదం గంట మోగుతూ ఉండేది, అది తగ్గింది. గంట ఆగాక కొన్ని తేరుకుంటున్నాయి. కొన్ని మునుపటిలా అవ్వవు. అన్నీ లేస్తాయని మీకు అబద్ధం చెప్పను."

నాకు తెలిసిన పోలిక చెప్పాను. మెయిన్ పైపు లీకేజీ ఆపగానే చివరి వీధికి ఒత్తిడి రాదు. పైపు నిండాలి, గాలి పోవాలి. రెండు రోజులు పడుతుంది.

ఆమె నవ్వింది. "కొంచెం అలాంటిదే. కానీ పైపుకి అలసట ఉండదు, జ్ఞాపకం ఉండదు. మీ ఒంటికి రెండూ ఉన్నాయి." వేలికొస నుంచి చుక్క తీసి చేసే కార్డు పరీక్ష ఒకటి ఉందట. వైరస్ పూర్తిగా పోయాక కూడా ఆ కార్డు మీద జీవితాంతం రెండు గీతలే వస్తాయట. రెండో గీత వైరస్‌ది కాదు, ఒంటి జ్ఞాపకానిది. ఎప్పుడైనా ఏ క్యాంపులోనైనా అది చూసి కంగారుపడి పరిగెత్తుకు రావద్దంది. ఇంకో మాట కూడా చెప్పింది. కొందరి ఒంట్లో హెపటైటిస్ బి అని వేరే వైరస్ నిద్రపోతూ ఉంటుంది. సి పోతుంటే అది లేస్తుంది. అందుకే మొదటే దానికి కూడా పరీక్ష చేశారట. నాకు అది లేదు.

రబ్బరు పట్టీ కడుతూ నా చెయ్యి తిప్పి చూసింది.

"రూప్‌సింగ్ ఎవరండీ?"

"మా తమ్ముడు."

"పచ్చబొట్టు ఎక్కడ వేయించుకున్నారు?"

"పర్ణశాలల. చిన్నప్పుడు నవమికి పోయినం."

"ఆ రోజు అదే సూదితో ఇంకెవరు వేయించుకున్నారో గుర్తుందా?"

గుర్తు లేదన్నాను.

జూలై 17

వాన. గోళీ వేసుకున్నాను. వాల్వు తిప్పాను. తిరునాళ్లలో చాలామంది ఉన్నారు. నాకు గుర్తు లేదు.

జూలై 24

వాన వదలడం లేదు. గోదావరి పెరుగుతోందని టీవీలో చెప్పారు. కరెంటు పోయి మోటారు ఆలస్యం. కింది వీధి వాళ్లు నన్ను తిట్టారు, కరెంటును తిట్టలేదు.

ఒంట్లో హాయిగా ఉంది. ట్యాంకు మెట్లు ఆగకుండా ఎక్కాను. ఇదివరకు మధ్యలో ఒకసారి నిలబడేవాణ్ని. ఆ నిలబడటం రోగం వల్లనని ఇప్పుడే తెలిసింది.

డాక్టరమ్మకు నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. అప్పటికి నాకు మీసం కూడా రాలేదు. ఎవరికి గుర్తుంటుంది? పచ్చబొట్టు పొడిచే బ్యాటరీ మిషన్ తుమ్మెదలా మోగేది. రంగు ఒక అమృతాంజనం సీసా మూతలో పోసి ఉంది. రూప్‌సింగ్ భయపడి ఏడుస్తుంటే మమ్మల్ని కన్న యాడీ వాడి మోచెయ్యి తన చంకలో ఇరికించి పట్టుకుంది. ఒకరి పేరు ఒకరి చేతి మీద ఉంటే రేపు ఆస్తులు పంచుకున్నా మనుషులు విడిపోరని ఆమె లెక్క. నా చేతి మీద వాడి పేరు, వాడి చేతి మీద నా పేరు.

ఇంతకు మించి గుర్తు లేదు.

ఆగస్టు 14

ఎండ. ఉదయం వాల్వు తిప్పాను. సాయంత్రం కూడా ఒకసారి వదిలాను, సగాయికి వచ్చిన చుట్టాల కోసం.

వియ్యాలవారు మంచివాళ్లు. పిల్లవాడు తలవంచుకుని మాట్లాడతాడు. మేకను కోశారు. వేపచెట్టు నీడలో చాప పరిచి పెద్ద పళ్లెం పెట్టారు. రూప్‌సింగ్, చిన్నాన్న కొడుకులు, వియ్యంకుడు కూర్చున్నారు. నా చోటు ఖాళీగా ఉంచారు.

నాకు పథ్యం ఉందని చెప్పాను. కడుపులో బాగోలేదు, మీరు కానివ్వండి అన్నాను.

"ఒక్క ముద్ద తియ్ భియా. తిని లేచిపో," అన్నాడు రూప్‌సింగ్.

తీయలేదు. చివరికి వియ్యంకుడే, పెద్దవాళ్లకు బాగోలేకపోతే ఏం చేస్తామని చెయ్యి వేశాడు. నేను వంటల దగ్గరికి వెళ్లి విస్తట్లో తిన్నాను. మాంసం బాగా ఉడికింది.

చుట్టాలు వెళ్లిపోయాక రూప్‌సింగ్ గోడ దగ్గరికి వచ్చాడు.

"పిలగాని వాళ్లు నచ్చలేదా? సాఫ్ చెప్పు."

"నచ్చిన్రు."

"నిన్ను అడగకుంట మాట ఇచ్చిన్ననా?"

"కాదు."

"మరేంది? వంటల కాడ విస్తట్ల తినెతందుకు కడుపు బాగున్నది గాని, నా పళ్లెం కాడికి రాంగనె నొప్పి లేసిందా?"

నేను వెనక్కి తిరగబోయాను.

"పెండ్లికి గూడ గిట్లనే జేస్తె, పెండ్లికే రాకు," అని లోపలికి పోయాడు.

వాడి మంచికే చేశాను. ఒకే అన్నంలో చేతులు పెట్టడం వేరు, పక్కపక్కన తినడం వేరు. డాక్టర్లకు మా పళ్లెం సంగతి తెలియదు.

ఆగస్టు 20

మబ్బు. వాల్వు తిప్పాను. మా ఇంట్లో ధార మామూలు కంటే జోరుగా వస్తోంది. గోడ అవతల రూప్‌సింగ్ వాళ్ల కుళాయి విప్పడం లేదు. వాడి భార్య రుక్మిణి చేను దగ్గరి బోరు నుంచి బిందెలు మోస్తోంది.

ఆగస్టు 21

కుళాయి విప్పలేదు.

ఆగస్టు 29

విప్పలేదు. ఆ బోరు నీళ్లు ఉప్పన. పప్పు ఉడకదు.

సెప్టెంబర్ 9

తెల్లగా ఎండ. చివరి గోళీ వేసుకున్నాను. ఖాళీ డబ్బాను హేమ్లి ఆవాలు పోసుకోవడానికి కడిగి పెట్టుకుంది.

సెప్టెంబర్ 12

ఉదయం వాన, తర్వాత తెరిపి. ఎయిర్ వాల్వు శుభ్రం చేశాను. మోచెయ్యి చెక్కుకుపోయింది.

హేమ్లి కొబ్బరినూనె రాస్తూ పచ్చబొట్టు మీద వేలు ఆపింది.

"గీ పేరు పొడిచిన సూది తర్వాత ఎవరి చేతి మీద నడిచింది?"

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పళ్లెం కాడ నుంచి మరిదిని మస్తు కాపాడుతున్నవ్. ఒక్క రోజన్న ఆ సూది గురించి సోచాయించినవా?"

ఆమెకు ఒక్క అక్షరం రాదు. ఇన్ని పేజీల్లో నేను రాయకుండా తప్పించుకున్నది ఆమె రెండు మాటల్లో అనేసింది.

నేను పెద్దవాణ్ని కాబట్టి ముందు నాకే పొడిచాడు. ఆ వెంటనే రూప్‌సింగ్‌కు. సూది తుడవలేదు. నాకు గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది.

సెప్టెంబర్ 13

ఎండ. వాల్వు తిప్పి నేరుగా చేనుకు వెళ్లాను. రూప్‌సింగ్ మిరప మొక్కల మధ్య గుంటక తోలుతున్నాడు. నన్ను చూసి కూడా సాలు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చాడు. ఎడ్లను ఆపాక చెప్పాను. రోగం పేరు, గోళీలు, పళ్లెం, సూది. నా నోట ఇంత మాట వరసగా ఎప్పుడూ రాలేదు. వాడు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. వాడికీ అది అలవాటు లేదు.

"గీ ముచ్చట కోసం మూణ్ణెల్లు మొకం దాసినవా?"

"తాండకు తెలిస్తే నీళ్లు తాగరని..."

"నేను తాండనా?"

వాడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నా పేరు కాస్త సాగి, వంకరగా, అక్కడే ఉంది.

"నీ పేరు మోస్తున్న. దాని ఎనకాల ఇంకేమన్న వచ్చి ఉంటే గది గూడ మోస్త. పరీక్షకు ఎప్పుడు పోవాలె?"

"సోమవారం నేను పోతున్న."

"అయితె నేను గూడ." కొంత దూరం వెళ్లి మళ్లీ తిరిగాడు. "ఆ బోరు నీళ్లు తాగలేక చస్తున్న. ఇప్పుడే ఫోన్ జేసి మా కుళాయి ఇప్పిస్త."

ఇంటికి వచ్చేసరికి మా ఇంట్లో ధార సన్నబడింది. కూర్చుని కాసేపు ఆ సన్నని ధారను చూశాను.

సెప్టెంబర్ 16

రూప్‌సింగ్, నేను ఖమ్మం వెళ్లాం. బస్సులో వాడు కిటికీ పక్క సీటు నాకు వదిలాడు.

గుర్తు లేదన్నది అబద్ధమని డాక్టర్ సాయిప్రియకు చెప్పాను. "చెప్పారు కదా, చాలు," అంది. వాడి వేలికి సూది గుచ్చి కార్డు మీద చుక్క వేసింది. ఒక గీత వచ్చింది. కాసేపటికి రెండో గీత కూడా వచ్చింది.

"ఇప్పుడేం అనుకోవద్దు. ఈ గీత జ్ఞాపకం మాత్రమే. లోపల వైరస్ ఉందో లేదో రక్తం చూసి చెప్పాలి."

ఈ మాట జూలైలో నాకు చెప్పింది. నేను ఇందులో రాసుకున్నాను కూడా. అయినా ఆ గీత చూడగానే అదంతా మరిచిపోయాను. ముందు సూది నాకే పడింది, నా నుంచే వాడికి వెళ్లిందా అని అడిగాను.

"అప్పటికప్పుడు మీకు అంటి, మీ నుంచి ఆయనకి వెళ్లదండీ. సూది మీద ఉంటే, అది మీ ఇద్దరికంటే ముందు కూర్చున్నవాళ్లది. అసలు ఆ సూదేనని కూడా నేను చెప్పలేను. ఆ రోజుల్లో జ్వరమొస్తే ఇంజెక్షన్లు కూడా అలాగే ఇచ్చేవారు."

తిరుగు ప్రయాణంలో రూప్‌సింగ్ కొత్తగూడెంలో దిగి శ్రావణి పెళ్లికి గాజులు బేరం చేశాడు. నేను కూడా ఒక చెయ్యి వేశాను.

సెప్టెంబర్ 17

వాన. వాల్వు తిప్పాను.

సెప్టెంబర్ 20

వాల్వు తిప్పాను. ఫోన్ రాలేదు.

సెప్టెంబర్ 24

ఎండ, చల్లగాలి. డాక్టరమ్మ ఫోన్ చేస్తే రూప్‌సింగ్ స్పీకర్‌లో పెట్టి గోడ మీద ఉంచాడు. అటు వాడు, రుక్మిణి. ఇటు నేను, హేమ్లి.

వాడి ఒంట్లో వైరస్ లేదు. ఎప్పుడో వచ్చింది. మందు లేకుండా, వాడికి తెలియకుండా, ఒళ్లే దాన్ని తరిమేసింది. సుమారు నలుగురిలో ఒకరికి అలా జరుగుతుందట. మొదటి నెలల్లోనే కాపలా కణాలు గట్టిగా పట్టుకుంటే పని అయిపోతుంది. పట్టు జారితే నాలాగా ఏళ్లకేళ్లు సాగుతుంది. ఒకే యాడీ కడుపున పుట్టిన ఇద్దరిలో ఎందుకిలా అంటే, అదే తాను వెతుకుతున్నానంది డాక్టరమ్మ.

"సూసినవా భియా! నీ ఫౌజు పండుకున్నది, నాది కొట్లాడి గెలిచింది!"

"నీ ఫౌజు నీ తీరే ఉన్నది, ఊకెనే కొట్లాటకు దిగుతది," అంది రుక్మిణి.

"గెలిచింది గానీ తలుపు వెయ్యలేదండీ," అంది ఫోన్‌లోంచి డాక్టరమ్మ. "మళ్లీ అలాంటి సూదో, బ్లేడో తగిలితే మళ్లీ రావచ్చు. మీ ఇద్దరికీ అంతే. సెలూన్‌కి వెళ్తే కొత్త బ్లేడు వేయించుకోండి."

నా ఫౌజు పడుకుంది నిజమే. కానీ చచ్చిపోలేదు, డ్యూటీ వదలలేదు. ఆ మాట రూప్‌సింగ్‌తో అనలేదు. గెలిచినవాడి ముందు ఎందుకు.

నవంబర్ 27

పొగమంచు. నిన్న శ్రావణి పెళ్లి. ట్యాంకు రెండుసార్లు నింపాను. ఎవరికీ నీళ్ల కొరత రాలేదు.

భోజనాల వేళ పెద్ద పళ్లెం చుట్టూ అందరూ కూర్చున్నారు. నేను రాగానే రూప్‌సింగ్ లేచి నిలబడ్డాడు. వాడు నాకు చెప్పకుండా ఇలాంటి పని చేస్తాడని నేను ఊహించాల్సింది.

"ఇనున్రి! మా భియా రక్తంల హెపటైటిస్ సి ఉండె. గోళీలు మింగిండు. సగాయికి నా పళ్లెం కాడ కూసోనిది గందుకే. మనకు అంటుతదని భయపడ్డడు. నీళ్లతోని అంటుతది, అన్నంతోని అంటుతది అన్నోడు నా కాడికి రావాలె. రక్తంతోనే అంటుతది. గదే సూది నాకు గూడ పడ్డది. ఎవలకన్న డౌటుంటె ఇప్పుడే లేచిపోండ్రి, మాంసం మాకు మిగుల్తది!"

ఎవరూ లేవలేదు. మాంసం అలాంటిది. పక్క పల్లె నుంచి వచ్చిన బొజ్జయ్య, ఆ గోళీ మోకాళ్ల నొప్పికి పని చేస్తుందా అని అడిగాడు. చేయదన్నాను. తర్వాత చెయ్యి చాపి తన తేలు పచ్చబొట్టు చూపించి, దవాఖానాలో ఎవరిని కలవాలని మెల్లగా అడిగాడు. చెప్పాను. అతని వెనక మరో ఇద్దరు ఆగి విన్నారు.

ఆ పూటకి నా చివరి పరీక్ష ఇంకా కాలేదు. మందు ఆపిన పన్నెండు వారాలకు చూసి, అప్పుడే నయమైందని చెబుతారు. ఆ మాట వచ్చాకే పళ్లెంలో చెయ్యి పెడతానని నాలో నేను అనుకుంటూ వచ్చాను. పళ్లెం ముందు కూర్చున్నాక, ఆ మాటకూ ఈ అన్నానికీ సంబంధం లేదని తెలిసింది. మొదటి రోజే చెప్పారు కదా.

తొలి ముద్ద తీశాను. నా చెయ్యి ఇంకా పైకి రాకముందే రూప్‌సింగ్ చెయ్యి దిగింది. దాని మీద ఉన్న నా పేరు పులుసు కారి తడిసింది.

కారం ఎక్కువైంది. అందరం తిన్నాం.

డిసెంబర్ 2

చలి. ఖమ్మంలో రక్తం ఇచ్చి వచ్చాను. ఉదయం వాల్వు హేమ్లి తిప్పింది. కింది వీధికి ముందు వదిలింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

డిసెంబర్ 5

మంచు దట్టంగా ఉంది, ట్యాంకు కనిపించడం లేదు. బ్లీచింగ్ కలిపాను.

నిన్న మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది. వైరస్ లేదు. నయమైనట్టే రాసుకోండి అంది. రాసుకున్నాను. లోపల గంట బాగా తగ్గిందట. తేరుకున్న కణాలు కొన్ని, తేరుకోనివి కొన్ని. ఇక చాలా మటుకు ఇలాగే ఉంటాయేమో, ఏడాది తర్వాత ఒకసారి రక్తం ఇచ్చి వెళ్లండి, చూడాలనుంది అంది. ఇస్తానన్నాను. పని చేసేవి పని చేస్తున్నాయి కదా, మిగతావి కూర్చోనీ.

మేకుతో గీసిన పళ్లెంలో హేమ్లి కోళ్లకు నీళ్లు పోసింది.

రూప్‌సింగ్ గోడ అవతలి నుంచి కేకేస్తున్నాడు. రాత్రి కూర మిగిలిందట, జొన్నరొట్టె వేడిగా ఉందట, రెండు పళ్లేలు ఎవరు కడుగుతారు, నువ్వే ఇటు రా అంటున్నాడు. వాల్వు తిన్నాక తిప్పుతాను.